పోరికి తెచ్చిన మందు

మా కుక్కకు పేరంటూ లేదు. అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని "పోరీ" అని పిలిచేది, ఇంట్లో ఆడపిల్లను పిలిచినట్టే. మాకూ అదే అలవాటైంది. ఆ పోరిని ఇంట్లోనే, నొప్పి లేకుండా పంపించాలని మేం పడిన తిప్పలు మొదటి నుంచి చివరి దాకా ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "ముసలిదైంది, పోయింది" అని ఊరుకునేదాన్ని.

మాది బోధన్. ఊరు చివర, వర్ని పోయే దారిలో అద్దె ఇల్లు. ఇంటి వెనక ప్రహరీ లేదు, వంటింటి గోడ దాటితే చెరుకు తోటే. బాపు, అంటే మా నాన్న, ఆ తోటల్లోనే నీళ్లు కట్టి బతికినవాడు. అవ్వ ఒక హాస్టల్లో వంట చేసేది. వాళ్లకు బతికి మిగిలిన బిడ్డను నేనొక్కదాన్నే. నన్ను నర్సు చదివించారు. ఊళ్లోనే ఒక లేడీ డాక్టరు నడిపే నర్సింగ్ హోంలో పనిచేసేదాన్ని. మా ఆయన ట్రాక్టర్ల మెకానిక్కు. పెళ్లయ్యాక కూడా అందరం ఒక్క చోటే ఉన్నాం.

ప్రతి చలికాలం చెరుకు నరకడానికి మహారాష్ట్ర నుంచి ఎడ్లబండ్ల మీద కూలీలు వచ్చేవారు. మా ఇంటి వెనకే చెరుకాకు కప్పిన గుడిసెలు వేసుకుని నాలుగైదు నెలలు ఉండి, ఎండలు ముదిరే వేళకు వెళ్లిపోయేవారు. ఎనభైల చివర్లో ఒక ఏడాది, వాళ్లు బండ్లు కట్టుకుంటుండగా ఒక ఆడమనిషి వచ్చి అవ్వ ఒళ్లో ఒక కుక్కపిల్లను పెట్టింది. "ఘే బాయీ" అంది, తీసుకోమ్మా అని. ఆమె చంకలో చంటిబిడ్డ, బండి నిండా సామాను. వెళ్లి బండెక్కేసింది. ఆ కుక్కపిల్లకు మరాఠీ తప్ప తెలుగు అర్థమయ్యేది కాదు. దాన్ని దగ్గరికి పిలవడానికి, కూర్చోమనడానికి అవ్వ రెండు మరాఠీ ముక్కలు నేర్చుకుంది. మళ్లీ ఏడాది కూలీలు రాగానే పోరి ఒక్క పరుగున వెళ్లి గుడిసె గుడిసె వాసన చూసి, సాయంత్రానికి ఇంటికొచ్చి అవ్వ పక్కన పడుకుంది. ఆ తర్వాత ప్రతి ఏడూ అంతే. వెతికినవాళ్లు దొరికారో లేదో మాకు తెలియదు.

అవ్వకు రొమ్ములో గడ్డ లేచింది. ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. కూతురు నర్సు, రోజూ పక్కనే కూర్చుని అన్నం తింటుంది, అయినా చెప్పలేదు. అది పగిలి రవికె తడిసిన రోజు చూపించింది. హైదరాబాద్ తీసుకెళ్లాం, కోశారు, తిరిగొచ్చాం. తర్వాత నాలుగు నెలలు ఇంట్లో మంచం మీదే ఉంది. ఆ నాలుగు నెలలూ పోరి మంచం కింద ఉంది. అవ్వ మూలుగు పెరిగితే లేచి నా దగ్గరికొచ్చి నా చీర అంచు నోటితో పట్టి లాగేది. నేను నొప్పి సూది ఇచ్చేదాన్ని. అప్పుడు మా ఊళ్లో దొరికే సూదులు ఆ నొప్పికి ఏ మూలకూ సరిపోయేవి కావు. అవ్వ పోయాక పోరి బాపు మంచం కిందికి మారింది.

నాలుగేళ్లు గడిచాయి. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి పోరికి నీళ్లు పోస్తున్నాను. పొట్ట కింద సబ్బు రుద్దుతుంటే వెనక రొమ్ముల దగ్గర రేగుపండంత గట్టిగా తగిలింది. నా చెయ్యి అక్కడే ఆగిపోయింది. అదేమిటో నాకు వేళ్లతోనే తెలిసింది. నెల రోజులు నేనూ ఎవరికీ చెప్పలేదు. బాపు ముఖం చూస్తే నోరు పెగలలేదు, అంతే.

పశువుల దవాఖానలో డాక్టరు యాభై దాటిన మనిషి. లావు కళ్లద్దాలు, పాత స్కూటరు. ఆయన గడ్డ కోసి తీశాడు. ఏడాది లోపల రెండో పక్క లేచింది. ఈసారి నిమ్మకాయంత, తర్వాత బత్తాయంత. పోరికి దగ్గు మొదలైంది. ఆయన ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, చెవుల్లోంచి తీసి మెడకేసుకున్నాడు.

"ఊపిరితిత్తులకెక్కింది సిస్టరమ్మా. మళ్ల కోసుడు వట్టిదే."

"ఎన్ని దినాలు సార్?"

"రెండు నెలలు. అంత గూడ ఉండకపోవచ్చు. నొప్పి గోలీలిస్త."

"ఆఖరుకు నొప్పి లేకుండ పంపియ్యొచ్చు గద సార్. ఇంటి కాడనే, సూదితోని."

ఆయన వెళ్లి నల్లా కింద చేతులు కడుక్కున్నాడు. అవసరమైనదాని కంటే ఎక్కువసేపే కడుక్కున్నాడు.

"నేను బర్ల డాక్టర్ను సిస్టరమ్మా. బర్రె కడుపుల అడ్డం తిరిగిన దుడ్డెను చెయ్యి పెట్టి గుంజుడు నాకు తెలుసు. ప్రాణం తీసుడు ఒక్కటే సారి చేసిన. టాంగా గుర్రం, కాలిరిగి రోడ్డు మీద పడ్డది. అది అయినంక మూడు దినాలు బువ్వ తినబుద్ధి కాలే. కుక్కకు ఇంటికొచ్చి సూది ఇయ్యమని నన్ను ఇంతవరకు ఎవ్వరు అడగలే. గట్ల అడుగుతరని గూడ నాకు తెల్వది."

ఆ రోజు ఒప్పుకోలేదు. వద్దనీ అనలేదు. గోలీలు ఇచ్చి పంపాడు.

పోరి తిండి తగ్గింది. గడ్డ పగిలింది. రోజూ పొద్దున డ్యూటీకి పోయే ముందు, సాయంత్రం వచ్చాక, పాత ధోవతి ముక్కలతో కట్టు కట్టేదాన్ని. ఇంట్లో ఆ వాసన. చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చే మడ్డిపాకం వాసన, దాని మీద ఈ పుండు వాసన. అవ్వ ఉన్నప్పటి వాసనే. బాపు కిటికీలు మూసేవాడు కాదు, తెరిచేవాడు కాదు. ఎట్లా ఉంటే అట్లా వదిలేసేవాడు.

పక్కింటాయన గోడ మీది నుంచి సలహా ఇచ్చాడు. "మటన్ తునకల జర ఎండ్రిన్ కలిపి పెట్టున్రి సిస్టరమ్మా. పది నిమిషాలల్ల అయిపోతది."

పది నిమిషాలు కాదని నాకు తెలుసు. పురుగుల మందు తాగినవాళ్లను మా నర్సింగ్ హోంకు తెచ్చేవారు. ముక్కులోంచి గొట్టం వేస్తుంటే కాళ్లు పట్టుకున్నదాన్ని నేనే. ఆ నురగ, ఆ కొట్టుకోవడం, మధ్యలో తెలివొచ్చి మన ముఖం చూసే చూపు నాకు తెలుసు. పక్కింటాయన మాత్రం మంచిమాటే చెప్పాననుకున్నాడు.

మా ఆయన చెడ్డవాడు కాదు, కానీ చూడలేకపోయాడు. ఒక సాయంత్రం అన్నాడు, "ట్రాక్టర్ల ఏస్కొని మంజీర అవతల ఇడిసొస్త. ఆడ ఏమైనా మనం సూడం."

"నడుసుకుంట మళ్ల ఇంటికే వస్తది."

"యాడ నడుస్తదే ఇప్పుడు?" అన్నాడు. అన్నాక ఆ మాట తనకే గుచ్చుకుంది. లేచి బయటికి వెళ్లి బండి చక్రం మీద కూర్చున్నాడు.

పదిహేను రోజుల తర్వాత పశువుల డాక్టరు తనంతట తానే మా ఇంటికొచ్చాడు. ఎక్కడికో బర్రెను చూడటానికి పోతూ ఆగాడు. పోరి లేచి ఆయన దగ్గరికి రావాలని చూసింది. ముందు కాళ్లు లేచాయి, వెనకవి లేవలేదు. ఆయన చెప్పులు విడవకుండా అక్కడే గడపలో నిలబడి చూశాడు.

"చేద్దాం సిస్టరమ్మా. మత్తు మందు మా దగ్గర ఉండది. మీరు ఆపరేషన్లకు వాడతరు చూడు, అది తెచ్చి పెట్టుకోండి. ఆదివారం వస్త."

ఆ ఆదివారం జరగలేదు. శనివారం నర్సింగ్ హోంలో మందు సంగతి అడగాలనుకున్నాను, ఆ పొద్దున పోరి ఒక ఉడికిన గుడ్డు తింది. నా చేతిలోంచే తీసుకుని నెమ్మదిగా తిని, వేళ్లు నాకింది. నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. ఎస్టీడీ బూత్‌కు పోయి పశువుల దవాఖానకు ఫోన్ చేసి, "ఈ వారం వద్దు సార్, తింటున్నది" అన్నాను. సరే అన్నాడాయన.

మంగళవారం కట్టు విప్పితే పుండులో పురుగులు కదులుతున్నాయి. నేను రోజుకు రెండుసార్లు కట్టు కట్టే నర్సును. ఏ మధ్యాహ్నం ఈగ వాలిందో, ఏ రోజు కట్టు జారిందో. టర్పెంటైన్ నూనె పోసి ఒక్కొక్కటే పట్టకారుతో తీశాను. గంటకు పైగా పట్టింది. అంతసేపూ పోరి కేక వేయలేదు. పళ్లు బిగించి నేలను గోకింది. సిమెంటు నేల మీద గోళ్ల చప్పుడు. ఆ వారం రోజులు దానికి నేను ఇచ్చినవి. ఒక గుడ్డు తిన్నదని నా సంతోషానికి ఇచ్చుకున్న రోజులు అవి. దాని తరఫున ఆలోచించి ఇచ్చినవి కావు. పోరి విషయంలో నేను చేసిన తప్పు అదొక్కటే అని అనుకుంటాను. పంపించడం తప్పు కాదు, ఆ వారం ఆపడం తప్పు.

మరునాడు పశువుల డాక్టరును ఈ ఆదివారం తప్పక రమ్మని ఫోన్ చేసి, మా డాక్టరమ్మకు సంగతి చెప్పాను. ఆవిడ విని, చీటీ తీసి మందు పేరు రాసింది. "పేషెంట్ పేరు దగ్గర ఏం రాయమంటవ్?" అంది. మళ్లీ తనే ఆ చోటు ఖాళీగా వదిలి సంతకం పెట్టి ఇచ్చింది.

ఆ మందు మా నర్సింగ్ హోంలో అయిపోయింది, ఊళ్లోనూ అప్పుడు దొరకలేదు. గురువారం సెలవు పెట్టి నిజామాబాద్ బస్సెక్కాను. ఖలీల్‌వాడిలో దవాఖానాల మధ్య మందుల షాపుకు వెళ్తే, ఆయన చీటీ చూసి, రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

"పేషెంట్ పేరు సెప్పు సిస్టర్. ఈ మందు పేరు రాయకుంటే ఇయ్యరాదు."

నేను అవ్వ పేరు చెప్పాను. చెప్పాలని అనుకోలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"వయసు?"

"యాభై ఎనిమిది."

ఆయన రాసుకున్నాడు. అవ్వ పోయినప్పటి వయసు అది. రెండు చిన్న గాజు సీసాలు, లోపల తెల్లటి పొడి, కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఆపరేషన్ మంచిగైతది, ఫికర్ చెయ్యకు" అన్నాడు. బస్సులో సీటు దొరికింది కానీ కూర్చోలేకపోయాను. సంచీ గుండెకు ఆనించుకుని బోధన్ దాకా నిలబడే వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. బాపు వసారాలో పోరి పక్కన కింద కూర్చుని ఉన్నాడు. అప్పటికి నేను, మా ఆయన, డాక్టరు ఏం చేయబోతున్నామో ఆయనకు తెలుసు. కానీ ఆయన ఔననలేదు, కాదనలేదు. నేను సీసాలు తీసి అల్మారాలో పెట్టబోతుంటే చెయ్యి చాపాడు. ఇచ్చాను. వెలుగుకు ఎత్తి చూశాడు.

"గిదేనా?"

"గిదే బాపు."

"తెల్లగున్నది. సున్నం లెక్క."

"నీళ్లల్ల కలుపుతరు."

చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత అడిగాడు. "గీ మందు మీ అవ్వప్పుడు లేకుండెనా?"

అబద్ధం చెప్పొచ్చు. బాపుకు చదువు లేదు, నేనేం చెప్పినా నమ్మేవాడు.

"ఉండె బాపు."

ఆయన తల ఊపాడు. కోపం రాలేదు. "మీ అవ్వ నన్ను అడిగింది బిడ్డా. ఆఖరు నెలల. నువ్వు డ్యూటీకి పోయినప్పుడు. ఏమన్న తెచ్చి పెట్టు, నాతోటి అయితలేదు అన్నది."

గోడకు ఆనుకుని కూర్చున్నాను.

"నిన్ను గూడ అడిగిందా?" అన్నాడు.

"అడిగింది."

"ఏమన్నవ్?"

"రేపు తెస్త అన్న."

బాపు సీసా నా చేతిలో పెట్టాడు. "నేను గూడ గదే అన్న" అన్నాడు.

అవ్వ పోయాక ఐదేళ్లు ఒక్క ఇంట్లో ఉన్నాం. ఒకే గిన్నెలోంచి అన్నం వడ్డించుకున్నాం. అవ్వ మా ఇద్దర్నీ విడివిడిగా అడిగిందని, ఇద్దరం ఒకే మాట చెప్పి ఆమెను మభ్యపెట్టామని ఆ సాయంత్రం దాకా ఒకరికొకరం చెప్పుకోలేదు. మనుషులకు ఆ సూది ఇవ్వకూడదు. చట్టం ఒప్పుకోదు, మా విశ్వాసమూ ఒప్పుకోదు. అప్పుడు ఇవ్వకపోవడం తప్పని నేను ఈనాటికీ అనను. కానీ "రేపు" అన్నాను చూడండి, అది మాత్రం తప్పే. ఇవ్వలేను అవ్వా అని చెప్పి పక్కన కూర్చుని ఏడ్వవలసింది. ఆమె ప్రతి పొద్దూ నా చేతుల వైపు చూసేది. ఎందుకు చూస్తోందో నాకు తెలిసి కూడా చీర సర్దుకుని డ్యూటీకి పోయేదాన్ని.

బాపు పోరి చెవుల వెనక గోకుతూ అన్నాడు, "దీనికి రేపు అనకు బిడ్డా."

ఆదివారం నేను చర్చికి పోలేదు. మా ఆయన పొద్దున్నే పార తీసుకుని ఇంటి వెనక, తోట గట్టు పక్కన గొయ్యి తవ్వడం మొదలుపెట్టాడు. తోట ఆసామిని ముందే అడిగి పెట్టుకున్నాడు. పోరికి కనపడకూడదని వంటింటి గోడ చాటున చోటు చూశాడు. కానీ పార చప్పుడు దానికి వినపడింది. నాలుగు రోజులుగా లేవని కుక్క లేచింది. వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, ఆగి ఆగి, గోడ చుట్టూ తిరిగి అక్కడికి పోయింది. మేం వెనకే పోయాం. గొయ్యిలోంచి తీసిన మట్టి చల్లగా, తడిగా కుప్పపోసి ఉంది. పోరి ఆ మట్టిని వాసన చూసి, దాని మీద పడుకుంది. హాయిగా గడ్డం ఆనించి, తవ్వుతున్న మా ఆయన వైపు చూస్తూ పడుకుంది. ఆయన గొయ్యిలో మోకాళ్ల లోతున ఉన్నాడు. పార కింద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"దీన్ని తీస్కపొండి ఈడికెల్లి" అన్నాడు. "జర తీస్కపొండి."

బాపు వద్దన్నాడు. "ఉండనియ్యి అల్లుడా. సల్లగున్నదని పండుకున్నది. దానికేం తెలుసు."

అది అక్కడే గంటసేపు పడుకుంది. మా ఆయన దాని ముందే మిగతా గొయ్యి తవ్వాడు.

మధ్యాహ్నం నాలుగింటికి డాక్టరు వచ్చాడు. ఒక్కడే వచ్చాడు. "మా కాంపౌండర్ రానన్నడు సిస్టరమ్మా. బిడ్డ పెండ్లి పెట్టుకున్నడట, గిసొంటి పనికి చెయ్యి పెట్ట అన్నడు." బ్యాగు దించి, మూతి కట్టడానికి గుడ్డ ముక్క తీశాడు. బాపు అడ్డం పడ్డాడు.

"మూతి కట్టకున్రి సార్. అది ఇంతవరకు ఎవ్వల్ని కర్వలే."

వసారాలో గొంగడి పరిచాం. పోరి తల బాపు తొడ మీద. డాక్టరు ముందు కాలి మీద కొంచెం వెంట్రుకలు గీశాడు. ఆయన చేతులు పెద్దవి. బర్రె మెడలో వేలంత నరానికి అలవాటు పడ్డ చేతులు. నీళ్లు తాగక పోరి నరాలు దారాల్లా లోపలికి పోయాయి. మొదటి పోటు తప్పింది. పోరి కుయ్యిమంది. ఇంకో కాలికి మారాడు. సూది పోయింది, రక్తం రాలేదు, లోపల్లోపల వెతికాడు. అప్పుడు పోరి తల తిప్పి, దగ్గరున్న చెయ్యిని కరిచింది. అది బాపు చెయ్యి. బొటనవేలి కింద నాలుగు పళ్లు దిగాయి. బాపు చెయ్యి లాక్కోలేదు. రక్తం గొంగడి మీద పడుతోంది. పోరి తనే వదిలేసి, తాను కరిచిన చోట నాకడం మొదలుపెట్టింది.

"తప్పు దాంది కాదు" అన్నాడు బాపు. "సార్, జల్ది కానియ్యున్రి."

డాక్టరు కళ్లద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. ఆయన నుదురంతా చెమట. "నాకు నరం దొరుకుతలేదు" అన్నాడు, పిల్లాడు ఒప్పుకున్నట్టు.

నేను లోపలికి వెళ్లాను. నా డ్యూటీ సంచిలో చంటిపిల్లలకు వాడే సన్నపాటి సూది, చిన్న గొట్టంతో ఉన్నది, ఒకటుంది. తెచ్చాను. "నాకియ్యండి సార్."

పుట్టి గంట కాని పిల్లలకు నరం దొరకబట్టినదాన్ని. కాలిని రెండు వేళ్ల మధ్య పట్టి, తడి గుడ్డతో తుడిచి, గోరుతో మెల్లగా తట్టాను. నరం కొద్దిగా లేచింది. పోరి నా వైపు చూసింది. కట్టు కడుతున్నానని అనుకుంది. రోజూ నేను కూర్చున్నట్టే కూర్చున్నాను కదా. ఒక్క పోటుకు గొట్టంలోకి రక్తం వచ్చింది. ప్లాస్టరు అంటించాను. డాక్టరు మందు కలిపి సిరంజి నాకు అందించాడు. ఆయన ఎక్కిస్తాడని అనుకున్నాను. ఆయన గొట్టం తీసి చెవుల్లో పెట్టుకున్నాడు.

"నెమ్మదిగ ఎక్కియ్యండి సిస్టరమ్మా. నేను గుండె చూస్త."

నేనే ఎక్కించాను. సగం పోకముందే పోరి తల బరువెక్కింది. నాలుక పక్కకు జారింది. ఇన్ని నెలల్లో మొదటిసారి దాని పక్కటెముకలు తేలిగ్గా కదిలాయి. దగ్గు లేదు. బాపు దాని చెవి దగ్గర వంగి ఏదో అంటున్నాడు, నాకు వినపడలేదు. రెండో సీసా కూడా కలిపి ఇచ్చాడు డాక్టరు. అదీ ఎక్కించాను. ఊపిరి ఆగింది. కాళ్ల కింద తడిసింది. డాక్టరు గొట్టం పెట్టి వింటూ వేలు ఎత్తాడు, ఆగమని. కాసేపటికి వేలు దించాడు.

అప్పుడు పోరి ఒక్కసారి పెద్దగా గాలి పీల్చింది. బాపు ఉలిక్కిపడి, "బతికున్నది! సార్, బతికున్నది!" అని అరిచాడు.

"లేదు పెద్దాయనా. పానం పోయినంక గూడ ఒక్కోసారి గట్ల గాలి గుంజుతది. అది లేదిగ."

బాపు నమ్మలేదు. దాని ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత కళ్లు మూయబోయాడు, అవ్వకు మూసినట్టే, వేళ్లతో కిందికి నిమిరి. అవి మూసుకోలేదు. మళ్లీ నిమిరాడు. మళ్లీ తెరుచుకున్నాయి. కుక్కల కళ్లు మూసుకోవని మాకు ఎవరూ చెప్పలేదు. మూడోసారి నిమరబోతుంటే నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

మా ఆయన దాన్ని గొంగడితోనే ఎత్తుకుని తీసుకుపోయాడు. గొయ్యిలోకి తానే దిగి, లోపల పడుకోబెట్టి, కాళ్లు ముడిచి, పైకొచ్చాడు. నక్కలు తవ్వకుండా రాళ్ల ఉప్పు పోసి, మట్టి కప్పి, పైన బండ పెట్టాడు. "ప్రార్థన చెయ్యాల్నా?" అని అడిగాడు బాపు. నాకు తెలియదన్నాను. ముగ్గురం అక్కడ కాసేపు నిలబడి ఇంట్లోకి వచ్చేశాం.

బాపు చెయ్యి కడిగి, కట్టు కట్టి, ధనుర్వాతం సూది తీశాను. ఆయన నా చేతిలోని సిరంజి చూసి, "నాకు గూడనా?" అన్నాడు. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆయన ఏడ్చాడు. అవ్వ పోయిన రోజు కూడా ఆయన ఏడ్వడం నేను చూడలేదు.

వారం తిరిగేలోపల సంగతి ఊరంతా పాకింది. కాన్పుకొచ్చిన ఒక కోడలి అత్త నన్ను చూసి మంచానికి అడ్డం నిలబడింది. "గా సిస్టర్ వద్దు మాకు. కుక్కను సూదేసి సంపిన చేతులు అవి. నా మన్మన్ని ముట్టుకోనియ్య." డాక్టరమ్మ నన్ను కొన్నాళ్లు కాన్పుల గదికి దూరంగా, కట్లు కట్టే గదిలో వేసింది. చర్చిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నా పక్కన కూర్చోవడం మానేశారు. కొన్ని నెలలకు అదంతా సద్దుమణిగింది. రాత్రి కాన్పులకు మనిషి దొరకక మళ్లీ నన్నే పిలిచారు.

ఆ వానాకాలం పశువుల డాక్టరు మళ్లీ మా ఇంటి ముందు స్కూటరు ఆపాడు. దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి అన్నాడు, "సిస్టరమ్మా, ఒక రిటైర్డ్ సారు ఉన్నడు. ఆయన కుక్కకు నడుము పడిపోయింది. సూది ఇయ్యమని అడుగుతున్నడు. నా చేతికి నరం దొరకదు, మీకు తెలుసు గద."

"నాతోటి కాదు సార్" అన్నాను. ఆయన సరేనని స్కూటరు తిప్పుకున్నాడు. మలుపు దాకా పోయాడు. నేను పిలిచాను. లోపలికి పోయి సంచి తీసుకుని ఆయన వెనక కూర్చున్నాను.

ఆ సారు ఇల్లు నాలుగు వీధుల అవతల. తొందరగానే అయిపోయింది, ఒక్క పోటుకే నరం దొరికింది. తిరిగొచ్చేసరికి బాపు గుమ్మంలో ఉన్నాడు. ఎక్కడికి పోయానో అడగలేదు.

"ఎవ్వల కుక్క?"

చెప్పాను.

"ఏడ్చిండా సారు?"

"ఏడ్వలే బాపు. మాకు చాయ్ పెట్టిచ్చిండు. కప్పులు గూడ ఆయనే కడిగిండు."

"ఇంట్ల ఎవ్వలు లేరా ఆయనకు?"

"భార్య పోయిందట. ఒక్కడే ఉంటడట."

మరునాడు సాయంత్రం బాపు చెప్పులు తొడుక్కుని, కర్ర తీసుకుని బయల్దేరాడు. చీకటిపడే వేళకు వచ్చాడు. ఆ మరునాడూ పోయాడు. ఆ సారు చదువుకున్న మనిషి, మా బాపుకు సంతకం రాదు. వాళ్లకు ముందు పరిచయం కూడా లేదు. అయినా ఏళ్ల తరబడి, సారు కన్నుమూసే దాకా, బాపు రోజూ వెళ్లేవాడు. అక్కడ ఏం మాట్లాడుకుంటారని ఒకసారి అడిగాను.

"ఏం లేదు బిడ్డా" అన్నాడు. "కూసుంటం."